ముత్తక్క చూసొచ్చిన రాజుల గోరీలు

ముత్తక్క ఈజిప్టు నుంచి తిరిగొచ్చాక తిరుమణిలోని ఆ ఇంటి వసారా రోజూ ఆడవాళ్లతో నిండిపోతోంది. విత్తనానికి శెనక్కాయలు ఒలిచే కాలం అది. మామూలుగా అయితే ఎవరి కాయలు వాళ్ల గడపలోనే ఒలుచుకుంటారు. ఈ ఏడు మాత్రం చేటల్లో కాయలు పోసుకొని, కొంగు బిగించుకొని, పిలవకుండానే వచ్చి కూర్చుంటున్నారు. కాయలు చిట్లే చప్పుడు మధ్య ముత్తక్క గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

వంటింట్లో సంగటి కెలుకుతున్న సంజీవమ్మకు ఆ గొంతు చెవిలో ముల్లులా గుచ్చుకుంటోంది. ముత్తక్క ఆమెకు తోడికోడలు. సంజీవమ్మ పెద్దకొడుకు కదిరయ్య భార్య, ముత్తక్క చిన్నకొడుకు బొమ్మన్న భార్య. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ముత్తక్క నోరు విప్పి నాలుగు మాటలు వరసగా మాట్లాడింది లేదు. అలాంటి మనిషి ఇప్పుడు ఊరినంతా ముందు కూర్చోబెట్టుకొని కథ చెబుతోంది.

"నది దాటి అవతలి గట్టుకు పోయినాము. గట్టు పక్కన చెరుకు తోటలు, పచ్చగా ఉండాయి. రవ్వంత దూరం పోతే అంతా కొండలే. గడ్డిపరక కూడా లేదు."

"మన కొండలకన్నా బోడియా?" అంది అత్త బోరమ్మ.

"మన కొండల్లో కలేకాయ చెట్లన్నా ఉంటాయి గదత్తా. ఆడ అవీ లేవు. ఆ కొండల్ని తొలిచి రాజుల్ని దాచినారు. పక్కలో ఒక గుమ్మం ఉంటాది. లోపలికి దిగితే దోవ కిందికి, కిందికి పోతానే ఉంటాది. రెండు పక్కలా గోడలనిండా బొమ్మలు. నక్క తలకాయ దేవుడు, గద్ద తలకాయ దేవుడు, పడవలు, పాములు. రంగులు చూస్తే నిన్న సాయంత్రం పూసిపోయినట్ల ఉండాయి. ఎన్ని వేల ఏండ్లాయనో!"

"పైన ఏముండాది?" అని ఎవరో అడిగారు.

"పైన ఒక ఆడమనిషి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగి ఉంటాది. పొద్దు గూకితే సూర్యుణ్ణి నోట్లో వేసుకొని మింగుతాదంట. రాత్రంతా ఆయన ఆమె ఒంట్లోనే నడుస్తాడు. తెల్లారితే మళ్లీ కంటాదంట."

"రోజూ కాన్పేనా తల్లీ!" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. బోరమ్మ కూడా పళ్లు లేని నోటితో నవ్వింది. తాను ఏం చెప్పినా అత్త ఇలా నవ్వినట్టు సంజీవమ్మకు గుర్తులేదు. సంగటి అడుగంటింది.

అసలు ఆ ప్రయాణం సంజీవమ్మది.

హొసకోటలో బట్టలంగడి వాళ్ల కూతురు భాగీరథమ్మ. ఆమెకు తొలి కాన్పు అయినప్పుడు బాణంతనం చేసింది సంజీవమ్మే. భాగీరథమ్మ భర్త ఇంజనీరు. ఆయనకు ఈజిప్టులో పని పడింది. అప్పటికి రెండో బిడ్డ చంకలో ఉంది. తెలియని దేశంలో బిడ్డను చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని భాగీరథమ్మ తిరుమణి దాకా వచ్చి సంజీవమ్మనే అడిగింది. కదిరయ్య సరేనన్నాడు. బోరమ్మ సరేనంది. పావగడకు పోయి పాస్‌పోర్టుకు ఫోటో కూడా తీయించుకుంది సంజీవమ్మ.

ఆ తర్వాత ఆమెకు నిద్ర పట్టలేదు. తాను లేకపోతే ధాన్యం గది తాళంచెవి ముత్తక్క నడుముకు చేరుతుంది. అత్త కాళ్లు ముత్తక్క పిసుకుతుంది. తన పిల్లలు అన్నం కోసం పిన్నమ్మ దగ్గరికి పోతారు. తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో తాను చుట్టంలా మిగులుతుంది. ఆ తలపు ఆమెను రాత్రంతా కాల్చేది. ఆఖరికి కడుపునొప్పి అని పడుకుంది. భాగీరథమ్మ మళ్లీ వచ్చినప్పుడు, "నాకు దూరాబారం సరిపడదమ్మా. మా ముత్తక్క ఉండాది, పిల్లాజెల్లా లేదు, పిలుచుకపో" అని చెప్పింది. తాళంచెవి తన నడుముకే ఉండిపోయింది. ముత్తక్క విమానం ఎక్కింది.

రెండు వేసవులు పోయాక తిరిగొచ్చిన ముత్తక్కను చూస్తే సంజీవమ్మకు తన చీర ఎవరో కట్టుకొని తిరుగుతున్నట్టుంది. ఆ కొండలు చూడాల్సింది తాను. సూర్యుణ్ణి మింగే ఆడమనిషి కింద మెడెత్తి నిలబడాల్సింది తాను. చెప్పే నేర్పు కూడా తనకే ఉంది. ముత్తక్క సగం సగం చెప్పి వదిలేస్తుంది. తానైతేనా!

అన్నిటికన్నా ఎక్కువగా ఊరు అడిగేది బంగారు రాజు గురించి. చెప్పమన్నప్పుడల్లా ముత్తక్క ముందు కొంచెం తల దించుకొని, తర్వాత మొదలుపెట్టేది.

"మిగిలిన రాజుల్ని అందర్నీ పెద్ద పట్నానికి ఎత్తుకపోయినారంట, గోరీలు ఖాళీ. ఈయనొక్కడే ఉన్నచోటే ఉండాడు. పిల్లరాజు, మీసం కూడా రాని వయసులో పోయినాడు. మనిషి ఆకారంలో బంగారు పెట్టె, దాని మీద ఆయన మొగమే. కండ్లు తెరుచుకొని ఉంటాడు. ఆ పెట్టె లోపల ఒళ్లు ఇంకా అట్లే ఉండాది. గోడ మీద కోతులు వరసగా కూర్చొని కాపలా కాస్తా ఉంటాయి."

ఒకరోజు మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్న కదిరయ్య చేతిలో ముద్ద అలాగే పట్టుకొని, "అవునమ్మా ముత్తక్కా, ఆ రంగులు దేంతో చేసినారంట?" అని అడిగాడు. తర్వాత పడవల గురించి అడిగాడు, కోతుల గురించి అడిగాడు. ఆ పూట ఊరిబిండి పచ్చడిలో ఉప్పు వేయడం సంజీవమ్మ మరిచిపోయింది. కదిరయ్య గమనించలేదు. చప్పటి ముద్దలు మింగి చెయ్యి కడుక్కొని, "ఎంత అదృష్టం! మన ఇంటి మనిషి కండ్లతో చూసొచ్చింది" అంటూ లేచాడు.

మర్నాడు హొసకోట నుంచి రామాంజినేయులు మేష్టరు వచ్చాడు. పిల్లలకు పాఠంలో ఆ గోరీలు ఉన్నాయట. ముత్తక్క బడికొచ్చి చెబితే బాగుంటుందన్నాడు. ముత్తక్క భయపడింది. బోరమ్మ దబాయించి పంపింది. సాయంత్రం బస్సు దిగివచ్చిన ముత్తక్క తల్లో కనకాంబరాలు ఉన్నాయి. పిల్లలు పెట్టారట. ఆ పూలు చూడగానే సంజీవమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచింది. కడవ తీసుకొని బోరింగు దగ్గరికి పోయింది.

అక్కడ వెంకటక్క నీళ్లు కొడుతోంది. ఆమె చెవిన ఏ మాట పడినా పొద్దుగూకేలోపు ఊరు తిరిగొస్తుంది. బోరింగులో నీళ్లు సన్నగా, దగ్గుతున్నట్టు వస్తున్నాయి.

"యాడుండాయి నీళ్లు? రెండేండ్లాయ సరైన వాన లేక," అంది వెంకటక్క. "ఈ యేడన్నా పడతాదో లేదో."

సంజీవమ్మ కడవ కింద పెట్టింది. "నాకేం తెలుసమ్మా. మా ఇంటి మనిషి పీనుగులుండే గవుల్లో దూరి వచ్చినాది. స్నానం చేసిందా, శాంతి చేయించిందా? వచ్చిన కాడ్నుంచి చూడు, మబ్బన్నా పట్టిందా?"

వెంకటక్క చెయ్యి బోరింగు పిడి మీద ఆగిపోయింది. "అవునే! నాకు తోచనే లేదు."

ఆ మాట అన్నాక సంజీవమ్మకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది, దప్పికలో మజ్జిగ తాగినట్టు. కడవ నెత్తిన పెట్టుకొని తేలిగ్గా నడిచి ఇల్లు చేరింది.

మొదట వసారాలో ఇద్దరు ముగ్గురు తగ్గారు. తర్వాత సగంమంది తగ్గారు. మృగశిర కార్తె గాలితోనే గడిచింది. పడమర మబ్బు లేచినట్టే లేచి విడిపోయింది. విడిపోయిన ప్రతిసారీ ఊరు ముత్తక్క వైపు చూసింది. చావు మైల తెచ్చిందన్నారు. బంగారు రాజు ఆమెను చూశాడు గనక ఆయన చూపు వెంట వచ్చిందన్నారు. ఆరుద్ర వచ్చేసరికి వసారాలో మిగిలింది ఇంటివాళ్లే. ముత్తక్కకు కారణం ఎవరూ ముఖాన చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. మళ్లీ పాత ముత్తక్కలాగే తల వంచుకొని కాయలు ఒలుచుకునేది.

సంజీవమ్మ కోరింది ఇదే. అయితే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. తన దగ్గరికి వచ్చేవాళ్లు కూడా రావడం మానేశారు. కదిరయ్య అన్నం తిని మాట్లాడకుండా పోయేవాడు.

అప్పుడు నరసింహప్ప వచ్చాడు. ఊళ్లో తొలి విత్తనం ఏటా ఆయన చేన్లోనే పడేది. తొలి చాలులో గింజలు వేసేది ముత్తక్క. ఆమె చెయ్యి మంచిదని ఊరి నమ్మకం. ఈజిప్టు పోకముందు వరకూ ఆ పని ఆమెదే. నరసింహప్ప అరుగు మీద కూర్చొని చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. చివరికి గొంతు సవరించుకొని, "సంజీవమ్మా, పదును దొరికితే ఈసారి తొలి విత్తనం నువ్వు ఎయ్యాల," అన్నాడు.

"ముత్తక్క లేదా?" అంది సంజీవమ్మ. మాట వచ్చాక గాని తాను అడిగానని ఆమెకు తెలియలేదు.

"లేకేం. మాటొచ్చినాది గదమ్మా. నమ్మినా నమ్మకపోయినా, విత్తనం కాడ ఎందుకు?"

లోపల ముత్తక్క చేట నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

రెండు రోజులకు, పొద్దు వాలాక, పావగడ కొండ వైపు నుంచి మబ్బు కదిలి వచ్చింది. ఈసారి విడిపోలేదు. పెంకుల మీద రాళ్లు పడ్డట్టు వాన కురిసింది. ఊరంతా బయటికి వచ్చి తడిసింది. బోరమ్మ కూడా వాకిట్లో నిలబడి మొహం పైకెత్తింది. ముత్తక్క ఒక్కతే వసారాలో విత్తనపు గింజల మూట మీద గోనె కప్పుతూ ఉండిపోయింది. తడిసిన సంజీవమ్మ లోపలికొచ్చి తల తుడుచుకుంటుంటే ముత్తక్క వెనక్కి తిరగకుండానే అంది.

"నువ్వే అన్నావని నాకు తెలుసక్కా."

సంజీవమ్మ చేతిలో తువ్వాలు ఆగింది. కాదని బొంకడానికి నోరు రాలేదు. "ఎవరు చెప్పినారు?" అని మాత్రం అంది.

"వెంకటక్క ఎవరికైనా దాస్తాదా? ఎందుకన్నావో కూడా తెలుసు. ఆ దోవ నీది. నేను పోతిని."

"ఎగతాళి చేస్తా ఉండావా?"

"లేదక్కా." ముత్తక్క గోనె అంచు సర్దింది. ఇద్దరూ మూటకు అటూ ఇటూ కూర్చున్నారు. వాన హోరులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే దగ్గరికి వంగాల్సి వస్తోంది. "నేను ఆ బంగారు రాజును చూడలేదు."

సంజీవమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"తక్కినవి చూసినాను. ఆ సూర్యుణ్ణి మింగే ఆమెను చూసినాను, అబద్ధం లేదు. పిల్లరాజు గోరీ కాడికి వచ్చేసరికి బిడ్డ ఏడ్సినాడు. ఎండకు వాడికి ఒళ్లు కాలిపోతా ఉండె. భాగీరథమ్మ వాణ్ణి నా చేతికిచ్చి, 'నువ్వు నీడలో కూర్చో, మేము చూసొస్తాము' అనె. అందరూ దిగిపోయినారు. ఆడ నీడ యాడిది? నేను బయట రాతి మీద కూర్చొని వాణ్ణి తట్టుకుంటా ఉంటి. లోపల్నుంచి వచ్చినోళ్లంతా అబ్బా, అబ్బా అనుకుంటా వస్తా ఉండారు. ఒక్కరన్నా నన్ను పోయి చూడమంటారేమో అని చూసినా. వాళ్లు రావడం రావడమే బండి కాడికి నడిచినారు. అంత దూరం పోయి, పది మెట్ల అవతల ఆయన్ను పెట్టుకొని, చూడలేక వస్తి. కడుపు ఎంత మండిందో నీకు చెప్పలేనక్కా. భాగీరథమ్మ మొగం చూస్తే గోళ్లతో రక్కాలనిపించె. ఆమె ఏం చేసింది పాపం? అయినా అట్లే అనిపించె."

"మరి ఆ కండ్లు, కోతులు, అదంతా?"

"ఆ రాత్రి ఆమె మొగునితో చెప్పుకుంటా ఉంటే విన్నా. ఊరికొచ్చినాక అందరూ అదే అడిగిరి. చూడలేదని చెప్పలేకపోతిని."

సంజీవమ్మ వెంటనే ఆలోచించింది. ఒళ్లున్న గోరీ అదొక్కటే అని ముత్తక్కే అందరికీ చెప్పింది. అందులోకి దిగలేదంటే పీనుగ మైల లేనే లేదు. రేపు చేన్లో ఆ మాట ఒక్కటి అంటే చాలు, ముత్తక్క మీద నింద పోతుంది. ముత్తక్క పేరూ పోతుంది. బడిలో పిల్లలు, రామాంజినేయులు మేష్టరు, కదిరయ్య, అందరికీ ఆమె అబద్ధాలకోరని తెలుస్తుంది. మేలు చేసినట్టే చేసి పగ తీర్చుకోవచ్చు. ఇంత సులువైన దారి ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

ముత్తక్క ఆమె మొహం చదివినట్టుంది. "తొలి విత్తనం నువ్వే ఎయ్యి. వాళ్లు నన్ను దూరం పెట్టినా పడతా. ఇది మాత్రం చెప్పొద్దక్కా. నాకుండేది అదొక్కటే," అంది.

రాత్రంతా సంజీవమ్మ పడుకొని వాన వింటూ ఉండిపోయింది. ఎండలో రాతి మీద ఎవరి బిడ్డనో ఒళ్లో పెట్టుకొని, లోపలికి పోయేవాళ్లను, వచ్చేవాళ్లను చూస్తూ కూర్చున్న ముత్తక్క ఆమె కళ్లముందు నుంచి పోలేదు. ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో సంజీవమ్మకు బాగా తెలుసు. ఈ వంటింట్లో తాను కూర్చున్నదీ అలాగే. ఇన్నాళ్లూ తాను ముత్తక్క చూసిన గోరీల మీద ఏడ్చింది. ఆ రాతి సంగతి మాత్రం ఇప్పుడు ఈ ఊళ్లో తనకొక్కదానికే తెలుసు. అలా తెలిసి ఉండటం, ఎందుకో, ఆమె మంటను కొంచెం చల్లార్చింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. నేల మంచి పదును మీద ఉంది. నరసింహప్ప చేన్లో ఎద్దులకు పసుపు పూశారు. నాగలికి పూజ చేసి కొబ్బరికాయ కొట్టారు. సగం ఊరు గట్టు మీద నిలబడింది. ముత్తక్క అందరికన్నా వెనక, రేగుచెట్టు పక్కన నిలబడింది. నరసింహప్ప భార్య గింజల గంప తెచ్చి సంజీవమ్మ చేతికిచ్చింది.

సంజీవమ్మ గంప తీసుకొని చాలు వైపు పోలేదు. గట్టెక్కి, జనం మధ్య నుంచి నడిచి, ముత్తక్క ముందు నిలబడింది. "ఒడి పట్టు," అంది.

ముత్తక్క కదల్లేదు.

"పట్టు అంటా ఉండానా!"

"సంజీవమ్మా, ఏందిది?" అని నరసింహప్ప అరిచాడు.

"ఏముందప్పా? చెయ్యి మంచిదని మీరే కదా అంటా ఉంటిరి. పోయినేడు, ముందటేడు ఆమె ఊర్లో లేకపోయె. అప్పుడు ఎవరు వేసినారో, ఎంత పండిందో అందరికీ తెలుసు."

"మాటొచ్చినాది గదా," అంది వెంకటక్క.

సంజీవమ్మ ఆమె వైపు తిరిగింది. "ఆ మాట నీకు యాడ దొరికింది? నా నోట్లో దొరికింది. కడుపుమంటతో అన్నా. నేను అన్నాను గనక నేనే చెప్తా ఉండా, అది వట్టి మాట. ఆమె, మేము ఒకే పొయ్యి కూడు రోజూ తింటా ఉండాము. మైలైతే మా ఇంటిల్లిపాదికీ మైలే. అప్పుడు నా చేత మాత్రం ఎందుకు ఎయ్యిస్తారు? ఇంకెవరినన్నా చూసుకోండి."

కదిరయ్య భార్య వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ముత్తక్క కళ్లలో భయం ఉంది, ఇంకో మాట వస్తుందేమోనని. సంజీవమ్మ ఇంకో మాట చెప్పలేదు. ముత్తక్క కొంగు తానే గుంజి, ఒడి కట్టి, గింజలు పోసింది. నరసింహప్ప కాసేపు నేల చూశాడు, ఎద్దులను చూశాడు. పదును ఆరిపోతోంది. "సరే, దిగమ్మా," అన్నాడు.

నాగలి కదిలింది. ముత్తక్క దాని వెనక వంగి ఒక్కొక్క గింజా చాలులో జారవిడుస్తూ నడిచింది. సంజీవమ్మ ఆ చాలు పక్కనే ఆమె వెనక నడిచింది. కొంతదూరం పోయాక ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఆ రాయి బాగా కాలతా ఉండెనా?"

"పెనం మాదిరి ఉండె. కొంగు మడిచి కింద వేసుకొని కూర్చున్నా."

"నేనైతే ఆ బిడ్డను ఎవరికన్నా ఇచ్చి దిగిపోయుందును."

"నువ్వైతే దిగిపోయుందువులే అక్కా," అంది ముత్తక్క. మొదటిసారి ఆమె గొంతులో నవ్వు ఉంది.

అసూయ ఆ పూటతో పోయిందంటే అబద్ధం. వసారాలో మళ్లీ ఆడవాళ్లు చేరినప్పుడు, కదిరయ్య మళ్లీ ప్రశ్నలు అడిగినప్పుడు సంజీవమ్మ గిన్నెలు గట్టిగానే తోమేది. ఆ యేడు పైరు మొలక బాగా వచ్చింది. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మాత్రం వాన మొహం చాటేసింది. కాయలు సగం తాలు పోయాయి. బోరింగు దగ్గర ఒకామె, "గవుల్లో దూరొచ్చినోళ్ల చేత్తో ఎయ్యిస్తే ఇంకేమైతాది?" అని గొణిగింది.

సంజీవమ్మ నిండుతున్న కడవ పక్కకు నెట్టి, చీర ఎగదోపుకొని, ఆమె మీదికి పోయింది. ఆ రోజు బోరింగు దగ్గర జరిగిన పోట్లాట నరసింహప్ప ఇంటిదాకా వినిపించిందట. తిరిగొచ్చిన సంజీవమ్మ జుట్టు చెదిరి ఉంది, కడవలో నీళ్లు సగమే ఉన్నాయి. ఏమైందని ముత్తక్క అడిగితే, కాలుజారి పడ్డానని చెప్పి, పొయ్యి ముందు కూర్చొని మంట ఎగదోసింది.